సలేశ్వరం జాతర రోజులు పెంచాలా, వద్దా? (దారిలో చూసిన తెల్ల చెట్టు పేరు కూడా చెప్పండి)

ఉప్పల్_రమణ (1)
మొన్న చైత్ర పౌర్ణమికి నలుగురం కలిసి నల్లమల లోయలో లింగమయ్య ఉండే సలేశ్వరం వెళ్లొచ్చాం. నాకిది మొదటిసారి. శ్రీశైలం ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు గానీ, మన్ననూరు దాటాక కారు అద్దంలోంచి చూడడమే తప్ప నల్లమలలో కాలు పెట్టింది లేదు. రాంపూర్ పెంట (చెంచుల గూడెం) వైపు బండి వదిలేసి తెల్లవారుజామున నాలుగింటికే నడక మొదలుపెట్టాం. గుట్టలు ఎక్కి దిగినంతసేపూ బాగానే ఉంది. ఆఖర్న లోయలోకి దిగే చోట ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క అగాధం. ఆ సన్న దారిలో దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఎదురెదురుగా ఇరుక్కుపోయాం. గంటన్నర పాటు అడుగు కదల్లేదు. మా ముందు ఒకామె చంకలో పిల్లాడు ఏడ్చి ఏడ్చి వాలిపోతే, వెనక ఎక్కడో ఉన్నవాళ్లు ఇచ్చిన నీళ్ల సీసా చేతులు మారుతూ ముందుకు వచ్చింది. అప్పుడు నాకు నిజంగా టెన్షన్ పుట్టింది, ఒక్కరు జారితే ఏమవుతుందా అని.

గుండం దగ్గరికి చేరి, పైనుంచి పడే ఆ నీళ్లు నెత్తిన పడగానే అన్నీ మర్చిపోయాను. కానీ తిరుగుదారిలో వెలుగొచ్చాక చూస్తే అడుగడుక్కీ సీసాలు, గుట్కా ప్యాకెట్లు, పులిహోర తిని పడేసిన ప్లేట్లు.

నా ప్రశ్న ఇది. ఏడాదికి మూడు నాలుగు రోజులే అటవీ శాఖవాళ్లు గేటు తీస్తే జనమంతా ఆ రోజుల మీదే పడతారు కదా. పదిహేను రోజులు తెరిస్తే పలచబడరా? మీలో ఆ వైపు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇంకొకటి. దారిలో కొన్ని చెట్లు ఒక్క ఆకు కూడా లేకుండా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి, బెరడు కాగితంలా పొరలు లేస్తోంది. వాటి పేరేంటి?

లింగాల_నరేష్ (2)
నాలుగు రోజులకే ఇట్లుంటే పదిహేను రోజులు తీస్తే అడవి మిగులుతదా అన్నా? చెట్టు తెల్లమద్ది అయి ఉంటది.

తునికాకు (3)
2కి: తెల్లమద్ది కాదు. మద్ది వాగుల ఒడ్డున ఉంటుంది, బెరడు తెల్లగా ఉన్నా చెట్టు పెద్దది, లావు. రమణ గారు చెప్పేది రాళ్ల మీద మొలిచేదిలా ఉంది. ఫోటో పెట్టండి.

మన్ననూరు_మలుపు (4)
మా నాన్న పదహారేళ్లు అడవి బేస్ క్యాంపులో వాచర్‌గా చేశాడు కాబట్టి ఆయన చెప్పింది రాస్తున్నాను. రోజులు పెంచమనే మాట ప్రతి ఏడూ వస్తుంది. జాతర ఏ నెలలో వస్తుందో ఒకసారి చూడండి. ఏప్రిల్‌లో. అప్పటికి చిన్న వాగులన్నీ ఎండిపోయి ఉంటాయి. నీళ్లు మిగిలేవి సలేశ్వరం లాంటి లోతైన లోయల్లోనే. ట్యాంకర్లతో తెచ్చి సాసర్ పిట్లలో (జంతువులు తాగే నీటి తొట్లలో) నీళ్లు పోసేది అందుకే. కణితి, దుప్పి, ఎలుగు, వాటి వెనకాల పులి, అన్నీ ఆ నెలలో నీటి చుట్టూనే తిరుగుతాయి. అదే నీటి దగ్గరికి వేలమంది వస్తే అవి ఎటు పోవాలి? మూడు రోజులంటే ఎక్కడో నక్కి ఓర్చుకుంటాయి. పదిహేను రోజులంటే ఓర్చుకోలేవు.

రెండోది మంట. ఎండు గడ్డి, ఎండుటాకు మోకాలి లోతు ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. మా నాన్న చేతి మీద ఇప్పటికీ మచ్చ ఉంది, చెట్టు కొమ్మలతో మంటను కొడుతుంటే అంటుకున్నది. అడవి మధ్యలో ఫైరింజన్ రాదు, కొమ్మలతో కొట్టడమే.

ఇది ఊరి పక్క గుట్ట కాదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు. కృష్ణకు అవతల ఆంధ్ర వైపు నాగార్జునసాగర్ శ్రీశైలం రిజర్వు దేశంలోనే అన్నిటికన్నా పెద్దది. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందకు వచ్చినప్పుడు రెండూ ఒకటే, రాష్ట్రం విడిపోయాక రెండయ్యాయి. పులికి మాత్రం ఆ గీత తెలియదు, ఏరు ఈది అటూ ఇటూ పోతుంది.

ఉప్పల్_రమణ (5)
మలుపు గారూ, నీళ్ల సంగతి నాకు తట్టనే లేదు. కానీ మరి ఆ ఇరుకు సంగతేంటి? 2023లో తోపులాట జరిగి వార్తల్లోకి వచ్చింది కదా. పులికి ఇబ్బంది లేకుండా మనుషులు చావకుండా దారి లేదా?

సరళ_కల్వకుర్తి (6)
మా నాయనమ్మ పెళ్లయిన కొత్తలో సలేశ్వరం పోయిందట. ఎడ్ల బండ్లు కట్టుకుని, సద్దులు మూట గట్టుకుని, సొరకాయ బుర్రలో నీళ్లు నింపుకుని. రాత్రంతా "వస్తున్నాం లింగమయ్యా" అని ఒకళ్లు అంటే, ఎదురొచ్చేవాళ్లు "పోయొస్తాం లింగమయ్యా" అనేవాళ్లట. ఆ కేక వినబడితే ఎదురుగా మనుషులు వస్తున్నారని తెలిసేది, ఇరుకు చోట ముందే ఆగి దారి ఇచ్చేవాళ్లు. అంటే అది భక్తి కోసమే కాదు, మనం మలుపులో హారన్ కొట్టినట్టు. ఇప్పుడు చెవుల్లో పాటలు పెట్టుకుని నడుస్తుంటే ఆ కేక ఎవరికి వినబడుతుంది?

లింగాల_నరేష్ (7)
సరళక్కా, ఇది నేనెప్పుడూ ఆలోచించలే. చిన్నప్పటి నుంచి ఊరికే అరుస్తున్నా.

అద్దంకి_వాసు (8)
అందరూ అడవి మూసెయ్యాలన్నట్టు మాట్లాడుతున్నారు. నల్లమలలోనే యాగంటి ఉంది, ఏడాదంతా జనం, రోడ్డు ఉంది, సత్రాలున్నాయి, ఏం పాడైపోయింది? రోడ్డేసి మెట్లు కడితే సలేశ్వరం కూడా అలాగే అవుతుంది. దేవుణ్ని చూడడానికి పర్మిషన్లేంటి?

బొగద_రైలు (9)
వాసు గారూ, యాగంటి నల్లమల కాదు. అది ఎర్రమల. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, మధ్యలో కుందూ పారే మా నంద్యాల మైదానం. మీరు చెప్పాలనుకుంటే మహానంది చెప్పండి, అది నల్లమల పాదాల దగ్గరే. ఆ కోనేట్లో అడుగున పడ్డ రూపాయి బిళ్ల కూడా కనబడేంత తేటగా నీళ్లు ఊరుతూనే ఉంటాయి, బయటికి పారి వేల ఎకరాల పొలాలు తడుపుతాయి. ఆ నీళ్లు ఎక్కడివి? పైనున్న కొండలో ఇంకిన వాన. కొండ మీద అడవి పోతే కోనేరూ పోతుంది, కింద అరటి తోటలూ పోతాయి. గుండ్లకమ్మ పుట్టేదీ ఈ కొండల్లోనే, గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. దానికి అడ్డంగా కట్టిందే కంభం చెరువు, విజయనగర రాజుల కాలంలో. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా నిండుతోందంటే ఎగువన చెట్లు ఉండబట్టే.

చర్చ సలేశ్వరం గురించి అని తెలుసు కానీ ఒక మాట. హైదరాబాదు వాళ్లకు నల్లమల అంటే శ్రీశైలం రోడ్డే. దక్షిణం వైపు కూడా చూడండి. నంద్యాల నుంచి గిద్దలూరు రైల్లో రండి, గాజులపల్లె, చలమ, దిగువమెట్ట. తెల్లవాళ్ల కాలంలో కొండను తొలిచి వేసిన లైను అది, సొరంగాన్ని మేం బొగద అంటాం. 1990లలో బ్రాడ్ గేజి వేసినప్పుడు దారి మార్చారు, దొరబావి దగ్గర లోయ మీద పాత వంతెన అలా వదిలేశారు. మా తాత ఆ పాత లైన్లో గ్యాంగ్‌మన్. రాత్రి లాంతరు పట్టుకుని పట్టా చూసుకుంటూ పోతే రెండు కళ్లు కూడా వెనకే నడిచేవట. ఆయన ఆగితే అవీ ఆగేవట.

తునికాకు (10)
బొగద గారూ, ఆ అడవిలోనే కదా నీలి సాలీడు ఉండేది?

బొగద_రైలు (11)
అవును! అరచేతంత సాలీడు, నిగనిగలాడే నీలం రంగు, కాళ్ల మీద పసుపు. ముందు గుత్తి రైలు యార్డులో దొరికింది, 1899లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. తర్వాత నూరేళ్లు ఎవరికీ కనబడలేదు. రైల్లో కట్టెల మధ్య కొట్టుకొచ్చి గుత్తిలో దిగిందని ఇప్పుడు అంటున్నారు. 2001 ప్రాంతంలో మళ్లీ నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో కనబడింది. ప్రపంచంలోనే చాలా అరుదైనది. మా ఊరి సాలీడుకి గుత్తి పేరు పెట్టారని మా వాళ్లకు ఇప్పటికీ కోపమే.

బాధ ఏంటంటే విదేశాల్లో దీన్ని డబ్బాల్లో పెంచుకునేవాళ్లు లక్షణంగా ఉన్నారు, ఇక్కడ అది బతికే పాత చెట్లను మాత్రం కట్టెలకు కొడుతున్నారు. తొర్ర ఉన్న ముసలి చెట్టు పనికిరానిదని ముందు దాన్నే కొడతారు.

అద్దంకి_వాసు (12)
యాగంటి విషయం ఒప్పుకుంటున్నాను, పొరపాటే. కానీ అసలు మాటకు జవాబు రాలేదు. పులి కోసం భక్తులను ఆపడం నాకు సబబు అనిపించదు. శ్రీశైలానికి మెట్లు కట్టించింది రెడ్డి రాజులు, ప్రోలయ వేమారెడ్డి. అహోబిలానికీ ఆయనే కట్టించాడు. అప్పుడు అడవి లేదా, పులుల్లేవా? అప్పట్లో ఇప్పటికంటే ఎక్కువే ఉండి ఉంటాయి.

బళ్లారి_గిరిజ (13)
12కి: మెట్లు కట్టించారు, నిజమే. ఆ దారిన నడిచాం కాబట్టి చెబుతున్నాను. మా వైపు కన్నడం వాళ్లకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. ఉగాదికి చీర, పసుపు కుంకుమ పట్టుకుని పుట్టింటివాళ్లలా నడిచి వెళ్తాం. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం, అక్కణ్నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాస ద్వారం. నేను మూడుసార్లు నడిచాను, రెండోసారి మా అత్తగారితో, ఆవిడకు అరవై నాలుగేళ్లు, చెప్పుల్లేవు.

అక్కడ కూడా వేలల్లోనే వస్తారు. కానీ తేడా ఉంది. అందరూ ఒకే వైపు నడుస్తారు, వెనక్కి బస్సులో వస్తారు. కాబట్టి ఎదురెదురు పడడం తక్కువ. దారిలో ఊళ్లవాళ్లు, సంఘాలవాళ్లు అన్నం, మజ్జిగ పెడతారు, ఆకుల్లో తిన్నవాళ్లం మేము, ఇప్పుడు ప్లేట్లు వచ్చేశాయి, అది మాకూ బాధే. భీముని కొలను దగ్గర మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, మోకాళ్లు పట్టేస్తాయి. అక్కడ ముక్కూ మొహం తెలియనివాడు "అమ్మా, చెయ్యి ఇవ్వు" అంటాడు. రోడ్డేస్తే ఇదంతా ఉంటుందా వాసు గారూ? రోడ్డున్న శ్రీశైలం ఉండనే ఉంది. నడిచేవాళ్ల కోసం ఒకటి మిగలనివ్వండి.

మన్ననూరు_మలుపు (14)
గిరిజ గారు చెప్పింది ముఖ్యం. సలేశ్వరానికి వెళ్లే దారీ వచ్చే దారీ ఒకటే, అసలు చిక్కంతా అక్కడే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం అని ఒక ప్రకరణమే రాశాడు, శ్రీశైలానికి నడిచిపోయేవాళ్ల గురించి. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి మాట. భక్తులను ఎవరూ ఎన్నడూ ఆపలేదు వాసు గారూ. కాకపోతే అప్పుడు ఎవరి చేతుల్లోనూ ప్లాస్టిక్ లేదు, చుట్టూ అడవి వెళ్లినంత దూరం ఉండేది, జంతువు తప్పుకోవడానికి చోటు ఉండేది.

పెంట_చదువు (15)
నిన్నటి నుంచి చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకున్నాను. మాది లోపలి పెంటల్లో ఒకటి. చెంచులం. నేను డిగ్రీ చదువుతున్నాను, అచ్చంపేటలో హాస్టల్లో ఉంటాను.

ఇన్ని పోస్టుల్లో పులి గురించి రాశారు, భక్తుల గురించి రాశారు. లింగమయ్యకు పూజ చేసేది ఎవరో ఒక్కరూ రాయలేదు. మా వాళ్లే. మీకది ఏడాదికొక యాత్ర, మాకు ఇంటి దేవుడు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి మాకు అల్లుడు. సంక్రాంతి అయ్యాక పారువేటకు పల్లకి బయల్దేరి నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతుంది, అప్పుడు మా చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి వైపు బాణం వేస్తారు. శ్రీశైలం మల్లన్నా మాకు చెంచు మల్లయ్యే. అల్లుడి ఇంటికి పోవడానికి మామను గేటు దగ్గర ఆపి పేరు రాయమంటే ఎలా ఉంటుందో ఒకసారి అనుకోండి.

రోజులు పెంచాలా అని అడిగారు. మా పెంటలో ముసలివాళ్లు వద్దనే అంటారు. జాతరలో తేనె, గడ్డలు అమ్ముకుంటాం, నాలుగు డబ్బులు వస్తాయి, అది నిజం. కానీ జాతర అయ్యాక నెల రోజులు దారి ఏరుకునేది కూడా మేమే. సీసాలో మిగిలిన తీపి కోసం ఎలుగు వస్తుంది. గత ఏడు మా చిన్నాయన మీదికి వచ్చింది, చెట్టెక్కి బతికాడు.

కానీ "అడవి జంతువులకే వదిలెయ్యాలి" అనే మాట కూడా నాకు నచ్చదు. సర్కారువాళ్లు కుటుంబానికి 15 లక్షలు ఇస్తాం, బయటికి రండి అంటారు. కొందరు వెళ్తామన్నారు, వాళ్లను తప్పు పట్టను, ఆస్పత్రి కావాలి, బడి కావాలి. మా అమ్మ మాత్రం రానంటుంది. డబ్బు అయిపోయాక తేనె ఎక్కడ తియ్యాలి అంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం మమ్మల్ని అడక్కుండా కదపకూడదంటుంది. బేస్ క్యాంపుల్లో పులి అడుగులు చూసి చెప్పే వాచర్లలో మా వాళ్లు చాలామంది. పులి ఎటు పోయిందో చెప్పడానికి మేం కావాలి, పులి ఉన్నచోట ఉండడానికి మాత్రం వద్దా?

సరళ_కల్వకుర్తి (16)
తమ్ముడూ, బాగా రాశావు. మేమంతా మర్చిపోయాం, అది మా తప్పే. తేనె ఎలా తీస్తారో ఒకసారి చెప్పవా? మా నాయనమ్మ ఏదో బావమరిది కథ చెప్పేది, సరిగా గుర్తులేదు.

పెంట_చదువు (17)
కథ కాదక్కా, పద్ధతి. కొండ చరియకు పట్టిన పెద్ద తేనెకు తాడు మీద దిగాలి. పైన తాడు పట్టుకునేది భార్య అన్న లేదా తమ్ముడు. సొంత అన్నదమ్ములు పట్టుకోరు. తాడు వదిలేస్తే తన చెల్లెలి తాళి పోతుంది కదా, అందుకని బావమరిది ఎప్పటికీ వదలడు. పట్టు మొత్తం కోయం, కొంత వదిలేస్తాం, మళ్లీ పట్టాలి కదా.

లింగాల_నరేష్ (18)
నా బావమరిదికి ఇప్పుడే ఫోన్ చేసి నా చెల్లె బాగుందా అని కాకుండా నువ్వు బాగున్నావా అని అడిగిన. ఎందుకు అడిగినవని భయపడ్డడు.

తునికాకు (19)
హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త 1940లో ఇదే అమ్రాబాద్ గుట్టల్లో చెంచులతో ఉండి, 1943లో పుస్తకం వేశాడు. వీళ్ల మీద అడవి చట్టాల ఒత్తిడి గురించి అప్పుడే రాశాడు. ఎనభై ఏళ్లు దాటింది. 15వ పోస్టు చదువుతుంటే అదే గొడవ.

ఇంకో సంగతి గుర్తు చేస్తాను. 2019లో యురేనియం అన్వేషణకు ఈ అడవిలో 83 చదరపు కిలోమీటర్లు ఇవ్వాలని కదిలినప్పుడు మనమంతా ఊరేగాం, ఫోటోలు మార్చుకున్నాం. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అది మంచి పని. అడవికి పెద్ద ఆపద వస్తే అందరం కదిలాం, సీసా ఆపద మాత్రం మన చేతిలోనే ఉంది.

అద్దంకి_వాసు (20)
15 చదివాక రోడ్డు మాట వెనక్కి తీసుకుంటున్నాను. గేటు మాట మాత్రం తీసుకోను. భక్తుణ్ని ఆపకూడదు. కానీ రోజుకి ఇంతమంది అని ముందే పేర్లు రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు. తిరుమలలో టోకెను తీసుకుంటున్నాం కదా, ఇక్కడెందుకు తీసుకోం.

మన్ననూరు_మలుపు (21)
అది నేనూ ఒప్పుకుంటాను. రోజులు అవే ఉండాలి, తలకాయల లెక్క ఉండాలి. ఇరుకు దిగుడు దగ్గర గంట సేపు దిగేవాళ్లు, గంట సేపు ఎక్కేవాళ్లు, సింగిల్ లైన్లో రైళ్లు వదిలినట్టు. పైనా కిందా చెరో చెంచు కుర్రాణ్ని నిలబెడితే చాలు, కేకతోనే నడిపిస్తారు. సరళ గారి నాయనమ్మ చెప్పిన పద్ధతే. గేటు దగ్గర ఒక్కో సీసాకి డిపాజిట్ తీసుకుని, ఖాళీ సీసా చూపిస్తే తిరిగి ఇవ్వాలి.

పెంట_చదువు (22)
ఆ డిపాజిట్ లెక్క పెంట ఆడవాళ్లకు అప్పగిస్తే ఇంకా మంచిది. తేనె లెక్క తప్పరు, ఇదీ తప్పరు. వాసు గారూ, మీరొస్తే మా అమ్మ చేతి రాగి సంకటి పెట్టిస్తాను.

ఉప్పల్_రమణ (23)
నేను పదిహేను రోజులన్నది మంచి ఆలోచన కాదని అర్థమైంది. తునికాకు గారు అడిగిన ఫోటో ఇప్పుడు పెట్టాను చూడండి. పెద్ద బండ మీద ఉంది. గాటు పెట్టిన చోట గట్టిపడిన జిగురు లాంటిది వేలాడుతోంది.

పెంట_చదువు (24)
తపసి చెట్టు. ఆ జిగురు తపసి బంక. ఎండాకాలం ఆకు మొత్తం రాల్చి తెల్లగా నిలబడుతుంది. గాటు పెడితే బంక కారుతుంది, ఆరాక తీసి రంగును బట్టి వేరు చేసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతాం, మందుల్లో వాడతారట. ఫోటోలో గాటు లోతుగా ఉంది, అది మా వాళ్లు పెట్టింది కాదు. అంత లోతుగా కొడితే చెట్టు చస్తుంది. మా నాయన వేలి మందం దాటనివ్వడు. ఆ బండ ఎక్కడుందో మెసేజి పెట్టండి అన్నా, వెళ్లి చూసొస్తాను.

ఉప్పల్_రమణ (25)
పెట్టాను తమ్ముడూ. రాంపూర్ నుంచి రెండో గుట్ట దిగాక ఎడమ పక్క.

లింగాల_నరేష్ (26)
నేను మద్ది అన్న మాట కొట్టెయ్యండి. వచ్చే చైత్రానికి మనం ఓ పది మందిమి జాతర ఆఖరు రోజు పోయి సీసాలు ఏరుకొద్దాం. అచ్చంపేట బస్టాండుల కలుద్దాం, గోనె సంచులు నేను తెస్తా.

పెంట_చదువు (27)
గోనె వద్దన్నా, ఆ సన్న దారిలో భుజం మీద పెట్టుకుంటే కొండకు తగిలి పక్కకు తోస్తుంది. వీపుకు కట్టుకునే చిన్న సంచులు తెండి.